కాకిబంగారం

మద్రాసులో పాత సామాన్ల సందులో దొరికింది పెట్టె,
సగం ధరకి, సగం సామానుతో.
మూత మీద నారింజ రంగు కారు.
పొడుగు ముక్కు, లావాటి వెనక చక్రాలు,
ఎవుర్నో కొట్టబోతా చొక్కా చేతులు పైకి మడిచినట్టు.
లోపల తెల్లటి ప్లాస్టిక్ ఎముకలు.
స్టీరింగు లేదు. గీతల స్టిక్కర్లు లేవు. ముందద్దం లేదు.
కాగితం నిండా జపాను అక్షరాలు.
పోనీలే, బాణం గుర్తులు
నెల్లూరు ఆటోనగర్‌లో కూడా బాణం గుర్తులే.

ఇట్టాంటి కారు రోడ్డు మీద నేనెప్పుడూ చూడలా.
చూసిందల్లా టిప్పర్లు, రొయ్యల బండ్లు.
ముప్పై ఏళ్ళు వాటి వెనకాల నెమళ్ళు రాసినా,
ఓనర్ల కూతుళ్ళ పేర్లు రాసినా.
ఇప్పుడు స్టిక్కరు తెచ్చుకుంటారు, అరగంటలో అతికిచ్చుకుంటారు.
నా కుంచెలు కిరసనాయిలు డబ్బాలో నిలబడుంటాయి
జీతం అడగని పనోళ్ళల్లే.

అందుకే రాత్రిళ్ళు ఈ బొమ్మ.
"యాభై దాటినాక ఇదేం ఆటయ్యా" అన్నాడు వెల్డింగు కాలేషా.
అన్నాడే గాని ఇంటికి పోలా.
రీఫిల్లు కోసి పొగ గొట్టాలు చేసింది వాడే.
చెడిపోయిన ఇయర్‌ఫోను చీల్చి
ఎనిమిది సిలిండర్లకి ఎనిమిది వైర్లు పీకింది వాడే.
నాలుగు బెజ్జాల చొక్కా గుండీని నేను అరగదీస్తే
స్టీరింగయింది.
బంపరుకి అమ్మ షుగరు మాత్రల అట్ట, వెండి వైపు.

పాతగా కనపడాల. తుప్పు పెట్టమని కాదు.
తుప్పు పట్టిన పాత వేరు,
కొత్తగా ఉన్నప్పటి పాత వేరు.
షోరూము గేటు దాటి
మొట్టమొదట ఎండ తగిలిన పొద్దు ఉంటుందే
ఆ పొద్దుటి రంగు కావాల నాకు.

పచ్చ కలిపినా. లారీలకేసే మెరుపు పొడి కలిపినా.
ఇరవై నాలుగో వంతు కారు మీద
ఆ మెరుపు గులకరాళ్ళు పోసినట్టుంది.
తుడిచేసినా. మళ్ళీ వేసినా. మళ్ళీ తుడిచినా.

మూడో రాత్రి అమ్మ హార్లిక్స్ సీసా తెచ్చి ముందు పెట్టింది.
సైదాపురం గనిలో పన్నెండేళ్ళు
కాకిబంగారం రేకులు చీల్చిన చెంచులమ్మ,
పనికిరానివని పారేసిన ముక్కలు కొంగున కట్టుకొచ్చుకున్నదంట.
కల్వంలో నూరింది. నీళ్ళు పోసింది. కదిలించింది.
అడుగున దిగింది వద్దనింది.
పైన తేలిన నీళ్ళు పళ్ళెంలోకి వంచి
"ఇది ఎండినాక అంటుకోనుండేది చూడు, అదీ మెత్తన" అనింది.

చల్లితే పచ్చలో పచ్చ.
కదిలిస్తేనే ఉన్నట్టు తెలిసేంత.

ఆరినాక బొటనవేలు తలుపు మీద పెట్టి
(కళ్ళజోడు లేదు, ఉన్నా పెద్ద తేడా లేదు)
"ఎడమ పక్క ఒక పొర జాస్తి, అబ్బయా."
భూతద్దం పెట్టి చూస్తే నిజమే,
తలుపు సందు పూడిపోయుంది.
నీళ్ళ కాగితంతో గంటసేపు రుద్దినా, కిక్కురుమనకుండా.

టేపు అంటించకుండా ఉడత కుంచెతో
ముక్కు నుంచి తోక దాకా రెండు తెల్ల గీతలు లాగినా.
ఊపిరి బిగబట్టి. కాలేషా కూడా బిగబట్టినాడు, ఎందుకో.

ఇక అద్దం. ప్లాస్టిక్ కోసి పెట్టబోతుంటే
"కత్తి ఇట్టా తే" అనింది అమ్మ.
ముప్పై ఏళ్ళయింది పట్టి.
మొదటి రేకు విరిగింది. తిట్టింది, రేకునా చేతినా తెలీలా.
రెండోది అంచులో మొన దూర్చి
ఉల్లిపొర తీసినట్టు తీసింది.
వంచితే వంగింది.
కొంచెం పొగ రంగు, కొంచెం పచ్చ,
అప్పటి కార్లకి అట్టాంటి అద్దాలే ఉండేవంటే
ఎవురైనా నమ్ముతారు.

"నంబరేం రాస్తావు?" అన్నాడు కాలేషా.
నేను ఆలోచిస్తా ఉన్నా.
"నూట పదిహేడు" అనింది అమ్మ, చెయ్యి కడుక్కుంటా.
"గనిలో నా బిళ్ళ నంబరు. అది పిలిస్తేనే కూలి."

బియ్యపు గింజంత పలక మీద
ఒకటి. ఒకటి. ఏడు.
ఏడు తోక రవంత పొడుగైంది.
తుడవలా.