మోగని చోటు

ధర్మసాగర్ కట్ట మీద ఇంకా తెల్లారలే.
జనరేటర్ లైటు కింద ఒక బల్ల,
బల్ల ముందు నలభై రెండు తలలు,
ఎవరి హెల్మెట్ వాళ్ల చంకల ఇరికించుకొని
రేషన్ లైన్ల లెక్క నిలబడ్డయి.

నాకు ఈతతోటి పని లేదు, పరుగుతోటి లేదు.
నడిమిట్ల సైకిలు, సైకిలు మీద మనిషి,
మనిషి మీద ఆ ఒక్క చిప్ప.
లోపల స్టిక్కర్ ఉన్నదా,
గదువ కింద పట్టీ ఎంత వదులు,
ఎవడన్న సొంత తెలివితోటి రంధ్రం పొడిచిండా,
టేపు అతికిచ్చిండా.
గివి చూసుడే.

ముప్పై నాలుగేండ్లు కాజీపేట షెడ్డుల చేసిన.
రైలు చక్రాన్ని సుత్తెతోటి కొట్టి
చెవి పెట్టేది.
మంచి చక్రం గంట లెక్క మోగుతది.
పగులు పట్టింది దబ్ అని ఊకుంటది.
హెల్మెట్ మోగదు, ఉత్త థర్మకోల్.
అయినా మెటికతోటి ఒకటి కొడత.
అలవాటు.

పదిహేడో నంబరు, గుగులోతు నీలవేణి,
నర్సంపేట అవతల తండా.
బల్ల మీద పెట్టింది చూస్తె
వెనుకకు చేపతోక లెక్క సాగిన నల్లటిది,
ముందట కండ్లకు అద్దం.
"గాలిని కోస్తది ఓదెలు సార్.
నలభై కిలోమీటర్లకు నిమిషంన్నర మిగులుతదట."
వెనుకున్న పిలగాడు నవ్విండు,
"గసొంటియి ఇక్కడ చెల్లవక్కా, సోకుకు పెట్టుకునేటియి."

చెల్లుతయి, అన్న నేను.
తోక పొడుగైనా కురుచైనా రూలుకు పట్టింపు లేదు.
గాలి దాన్ని ఎట్ల దాటిపోతదో రూలు అడగదు,
రోడ్డు దాన్ని ఎట్ల తాకుతదో అడుగుతది.
ఎక్కడనో ఎవరో
దీని అన్నదమ్ములను ఇనుప దిమ్మె మీద పడేసి
పగలగొట్టి, కొలిచి,
ఇది ఆగుతది అని రాసిచ్చి ఉండాలె.
ఆ రాత ఏదీ?

స్టిక్కర్ ఉండాల్సిన కాడ ఎండిన బంక.
"చెమటకు ఊడింది కావచ్చు సార్.
సెకండ్ హ్యాండుల కొన్న. ఏడు వేలు.
పత్తి ఏరిన పైసలు."

కావచ్చు.
మెత్తలు తీసి బొటనవేలు ఆనిచ్చిన.
కుడి చెవికి మీద, సన్నగ, కిర్రుమన్నది.
టార్చి పెడితె వెంట్రుకంత గీత.
"ఇది ఒకసారి పడ్డది బిడ్డా."
"నేను పడలే సార్."
"నువ్వు కాదు. అమ్మినోడు."

ఆమె ఆ గీతను వేలితోటి ముట్టి చూసింది,
తెల్వని మనిషి గాయాన్ని ముట్టినట్టు.
ఎవరిదో తల. లేచి పోయిందో లేదో.

షెడ్డుల ఒకసారి
దబ్ అన్న చక్రాన్ని మోగిందని రాసిన.
పెద్దసారు తొందర పెట్టిండు.
ఏం కాలే.
బండి బల్లార్షా పోయింది, వచ్చింది.
ఆ రెండు రోజులు ముద్ద దిగలే నాకు.
ఏం కాకపోవుడే
ఇప్పటికీ లోపల కొరుకుతది.

స్కూటర్ డిక్కీల నాదున్నది.
నీలిది, గుండ్రంగ, గురిగి లెక్క,
పద్నాలుగు రంధ్రాలు,
లోపల స్టిక్కరు అంచు కూడ లేవలే.
ఆమె తలకు పెద్దదైంది.
వెనుక మర తిప్పి బిగించిన.
సైకిలు ముట్టకముందే పట్టీ టక్కుమనాలె,
సైకిలు మళ్ల దాని జాగల పెట్టినంకనే తియ్యాలె,
నడుమ చెయ్యి పోతె రాసుకుంట, అన్న.

"మరి ఆ నిమిషంన్నర?"

నా దగ్గర లేదు.
నీ కాళ్లల్ల ఉన్నదో లేదో నాకెట్ల తెలుస్తది.
పద్దెనిమిదో నంబరు, అని పిలిచిన.

పొద్దు పొడిచినంక
తడి బట్టలతోటి, పండ్లు కరుచుకొని
వేలేరు రోడ్డు పట్టింది.
నా ముందర నుంచి పోతుంటె
పద్నాలుగు రంధ్రాలల్ల గాలి దూరి
సన్నగ ఈల వేసింది.
తల పక్కకు వంచి
వినపడినంత దూరం విన్న.

నల్లటిది నా ఒడిల్నే ఉన్నది.
మెటికతోటి మళ్లొకటి కొట్టిన.
ఏం అనలే.