మూడొందల అరవై అడుగులు

మొదటాటకే తేలిపోయింది.
తెర మీద ఒక పడవ ఏరు దాటుతోంది
నాలుగు నిమిషాలు.
మాట లేదు, పాట లేదు,
గెడ నీళ్ళలో దిగటం, పైకి రావటం, మళ్ళీ దిగటం.

నేలలోంచి ఈల. బెంచీలోంచి
"ఒరే ఆపరేటరూ, నిద్దరోయావా!"
ఎవడో విసిరిన చెప్పు తెరకి తగిలి
గుడ్డ కదిలింది.
ఆ ఏటికి అదొక్కటే అల.

గనిరాజు గారు పంచె ఎగ్గట్టి మెట్లెక్కొచ్చారు.
"నీళ్ళు చూట్టానికి టిక్కెట్టెందుకయ్యా,
కాలవ గట్టు మీద కూర్చుంటే చాలదూ?
కొయ్యి."
ఊరంతా కోతలే, ఇదొక కోత.
కాదనలేదు. నిజం చెప్పాలంటే
నాకూ ఆవలింత వచ్చింది.

మూడొందల అరవై అడుగులు
బిస్కెట్ల డబ్బాలో చుట్టుకుని పడుకున్నాయి.
రెండో ఆట నుంచి
పడవ ఎక్కినవాడు ఎక్కినట్టే అవతలొడ్డున దిగాడు.
హాలు ఊపిరి పీల్చుకుంది.
ఇంటర్వెల్లో గోళీసోడాలు ఇరవై ఎక్కువ పోయాయి.

మూడో రోజు ఆట వదిలాక
నా సైకిలు సీటు మీద చెయ్యేసుకుని ఏసుపాదం,
లొల్ల లాకుల దగ్గర లస్కరు.
"ఆ పడవేమైందండీ?
మొన్న నింపాదిగా దాటింది."
"జనానికి బోరని కోసేశాం."
కోప్పడలేదు.
"ఆయ్, అందరికీ పనులుంటాయి కదండీ" అన్నాడు.

కాసేపాగి తన పని చెప్పాడు:
లాకులోకి పడవొచ్చాక
పైనీళ్ళూ కిందనీళ్ళూ ఒక్క మట్టానికొచ్చేదాకా
తలుపు తియ్యకూడదు.
పడవలోవాళ్ళు తిడతానే ఉంటారు.
"ముప్పయ్యేళ్ళుగా
నీరెక్కటం నేనొక్కణ్ణే చూస్తన్నాననుకున్నానండి.
ఇంకోడెవడో కూడా చూశాడని మొన్నే తెలిసింది."
బీడీ ముట్టించుకుని చీకట్లోకి నడిచాడు.

ఆఖరి రోజు రెండో ఆటకి
గనిరాజు గారు పెళ్ళికెళ్ళారు.
డబ్బా తీశాను. అతికించాను.
హాల్లో పదకొండు మంది.
గెడ మూడోసారి దిగేసరికి
తొమ్మిది మంది బయటికి పోయారు.
మిగిలినవాళ్ళలో ఒకడిది గురక.
రెండోవాడి సంగతి తెలీదు.

ఏసుపాదం రాలేదు.
ఆ రాత్రి ధాన్యం పడవలు
లాకుల దగ్గర బారులు తీరాయట.

మరుసటి వారం వచ్చిన బొమ్మ
అరగంటకో ఫైటుతో పదకొండు వారాలాడింది.
బాగుంది. బాగోలేదంటే కళ్ళు పోతాయి.

కానీ ఆ రాత్రి, అతుకు దగ్గర
టక్‌మని ఒక్క చప్పుడయ్యాక,
ప్రొజెక్టరు కిటికీలోంచి మొదటిసారి
తెరని తెర కోసం చూశాను.
గెడ ఎన్నిసార్లు దిగిందో లెక్కపెట్టాను.
నలభై ఒకటి.