ఎడమకు చుట్టిన మోకు

మూసి వచ్చి కిష్టలో కలిసే కాడ
పదకొండు మందిమి మట్టి తోడుతున్నం.
గంప నాది, పార మా తోడికోడలిది.
రోజుకు నాలుగొందలు, ఎండ ఊరికే.

మొదటి వారం పెంకులు తప్ప ఏం రాలే.
రెండో వారం ఒక రాయి,
నడిమిట్ల బొక్కున్న రాయి.
"మా బర్రెను కట్టేది గిసొంటిదానికే" అన్న.
సబిహా మేడం బురుసుతోని దాని మొఖం తుడిచి
లంగరు కావచ్చన్నది,
కాకపోవచ్చు సుత అన్నది.
తెల్వనిదాన్ని తెల్వదని చెప్పే సదువుకున్న మనిషిని
గప్పుడే చూసుడు నేను.

సద్దులు విప్పినప్పుడు ముచ్చట్లు చెప్తది.
ఎర్రసముద్రం అనంగనే
"మోషే చీల్చిందేనా?" అన్నది మరియమ్మ.
అదేనట. గని ఇది
మోషే కంటె ముందటి ముచ్చటట.
రాజు పంపితే మనుషులు
ఏటి ఒడ్డున పడవలు చేసి
మల్ల పలకకు పలక విప్పి
గాడిదల మీదేసి
నీళ్లులేని గుట్టలల్ల దినాలకు దినాలు నడిచి
సముద్రం కాడ మల్ల కూర్చేటోళ్లట.
దేనికి?
సాంబ్రాణికి.
ఎవని ఇంట్ల పొగకో ఎవని నడుములు!

తిరిగొచ్చి చూస్తే పలకలకు పురుగు.
ఆ పురుగు తిన్న కట్టెనే
గుహల ముంగట నడవను పరిచిండ్రట.
పారెయ్య చేతులు రావు,
మనసొంటోళ్లే.

అప్పుడు ఫోన్ల ఒక ఫొటో తీసింది.
గుహ. చీకటి. చీకట్ల తాళ్లు,
చుట్ట మీద చుట్ట,
ఎట్ల పెట్టిపోయిండ్రో అట్లనే
నాలుగు వేల ఏండ్ల సంది.
పెట్టెల మీద రాజు పేరున్నదట.
తాడు చుట్టినోని పేరు లేదు.

ఫోను దగ్గరికి గుంజుకున్న.
మెతుకులంటిన చేతితోనే.
ఒక్క చుట్ట మీద కన్ను ఆగింది.

"మేడం, వీడు ఎడమచేతోడు."

నవ్వలే ఆమె. నన్ను చూసింది.
"ఎట్ల చెప్తవ్?"

ఎట్ల చెప్పాలె?
ఇరవై రెండేండ్లు
మా ఇస్తారి తాడు దిగి వచ్చి
ముత్తాదు ఇప్పి, లొట్టి దించి
మోకును మోచేతికేసి చుడుతుంటే
వాకిట్ల ముంతతో నీళ్లు పట్టుకొని నిలబడ్డదాన్ని.
ఊరందరిది కుడికి తిరిగేది,
ఆయనది ఎడమకు.
కొస తీసి నడుమకు రెండు చుట్లు బిగించి
కొయ్యకేసి ఒక్కసారి తట్టేది,
ఎద్దును తట్టినట్టు.

దసరాకు ముందు జరమొచ్చింది.
ఆ పొద్దు సుత చుట్టి కొయ్యకేసిండు.
"రేపు ఎక్కుత" అన్నడు.
గుహల తాళ్లు పెట్టినోళ్లు సుత
గట్లనే అని ఉంటరు, వాళ్ల బాసల.

మేడం పుస్తకంల ఏందో రాసుకున్నది.
రాజు పేరు పక్కకు మా ఇస్తారి చెయ్యి ఎక్కిందో లేదో
నేను అడగలే.
"ఆ తాళ్లను ఇప్పి చూసిండ్రా?" అని మాత్రం అడిగిన.
"ముడితే పొడైతయి" అన్నది.

ఆ మాట గంపల పడ్డది.
సాయంత్రందాక దాన్నే మోసిన.

సొసైటీ ప్రెసిడెంటు మూడేండ్ల సంది అడుగుతుండు,
కొత్త పిలగాడు వీరస్వామికి మోకు లేదు, నీదియ్యమని.
నేను వినలేదన్నట్టే ఉన్న.
ఇంటికి రాంగనే కాళ్లు సుత కడుక్కోలే,
కొయ్య మీంచి దించిన.
గోడకు గుండ్రంగ మరక.
ముక్కుకు పెట్టుకున్న, చెమట లేదు,
బూజు వాసన, ఎలుక వాసన.
పెనవేసిన నార మాత్రం
ఇంక మనిషిని మోసేటట్టే ఉన్నది.

పొద్దుగాల వీరస్వామి వచ్చిండు.
"ఇప్పు" అన్న.
రెండు చేతులతోని గుంజి చూసిండు, కాలేసి తొక్కి చూసిండు,
బాగున్నదవ్వా అన్నడు.
"ఇప్పుడు చుట్టు" అన్న.

చుట్టిండు,
కుడికి.