గాజుబల్ల

నిన్న సాయంత్రం నుంచీ చేతులు కడుగుతూనే ఉన్నాను.
మజ్జిగతో ఒకసారి, శనగపిండితో ఒకసారి,
పడుకోబోయే ముందు కొబ్బరినూనె.
తొడిమలు తీసిన వేళ్లు
పదకొండేళ్ల మంటని అంత తేలిగ్గా వదలవు.

మస్తాన్‌బీ తన రిస్టువాచీ ఇచ్చింది.
"తిరగదు. అయినా పెట్టుకో,
టైమంటే లెక్కున్న మనిషిలా కనబడతావు."
ఎవరన్నా టైమడిగితే?
"గోడ మీదిది చూసి చెప్పు."

బీకాం, దూరవిద్య, రెండో తరగతి.
ట్యాలీ మూడు నెలలు, బ్రాడీపేట నాలుగో లైన్లో,
రాత్రి ఏడింటి బ్యాచి.
పక్క కుర్చీ కుర్రాడు రోజూ తుమ్మేవాడు,
ఫ్యాను దుమ్మనుకునేవాడు పాపం.
నేను చెప్పలేదు.
"చూడగానే గుర్తుండిపోవాలమ్మా" అనేవాడు మా సారు,
ఎలాగో మాత్రం సిలబస్‌లో లేదు.

"మీ గురించి చెప్పండి" అంటారట మొదట.
మాడిన గిన్నె తోముతూ చెప్పుకున్నాను:
నా పేరు కెజియా.
ఆ తర్వాత మాట కోసం
గిన్నె కూడా ఎదురుచూసింది.

యార్డు సంగతి ఎత్తొద్దన్నాడు తమ్ముడు.
"కూలీ అని తెలిస్తే జీతమూ కూలి లెక్కనే కడతారు."
బయోడేటాలో ఆ పదకొండేళ్ల చోట
గృహిణి అని కొట్టించాడు.
చదువుకుంటే ఎవరో కొత్తావిడ కనిపించింది,
మధ్యాహ్నాలు నిద్రపోయే ఆవిడ.

లేత నీలం చీర, ఇస్త్రీది.
నలగకుండా ఆటోలో అంచు మీద
ఏటుకూరు రోడ్డు దాకా
సగం నిలబడినట్టే కూర్చున్నాను.
కోల్డ్ స్టోరేజి గేటు దగ్గర
లారీ దిగుతున్న బస్తాల ఘాటు
నన్ను గుర్తుపట్టి ముక్కు పుటాలు తడిమింది.
ఎవరికీ చెప్పకే, అన్నాను దానితో.

లోపల ఏసీ. గాజుబల్ల.
అవతల కళ్లజోడాయన.
కాయితం తిరగేశాడు. రెండు తుమ్ములు.
జేబురుమాలు తీశాడు. ఇంకోటి.
"ఏమనుకోకండి, ఈ ఊరి గాలే అంత."

గాలి కాదు సార్, నేను.

అంతే, ఇక ఆగలేదు.
పదకొండేళ్లు యార్డులో చేశాను.
గృహిణి అన్నది మా తమ్ముడి రాత.
చిట్టాలో బస్తాకి రెండు కిలోలు
ఏ గడిలో మాయమవుతాయో చూపిస్తాను,
మా కూలీ ఆ గడిలోనే పోయేది.

ఆయన తల ఎత్తి గోడ గడియారం వైపు చూశాడు.
మస్తాన్‌బీ వాచీలో మూడుంబావు,
ఎప్పటిదో.

ఫోన్ చేస్తామన్నాడు.
అందరికీ అదే చెబుతారట.

లేవబోతూ చూశాను:
గాజు మీద నా అయిదువేళ్లూ, అరచెయ్యీ,
నూనెతో, చెమటతో,
గీతలతో సహా.
తుడుద్దామని కొంగు పట్టుకుని
వదిలేశాను.
శుక్రవారం చుట్టుగుంటలో ఇంకో ఇంటర్వ్యూ.
ఉన్నది ఈ చీర ఒక్కటే.