ఊకో

మిర్చి సీజనూ శ్రమకాలమూ
మా దిక్కు ఒక్కసారే వస్తయి.
నలభై దినాలు మాంసం మానేస్తం,
తుమ్ములు మాత్రం మానవు.

పొద్దుగాల నాలుగున్నర.
దేశాయిపేట రోడ్డు మీద ఇంకా ఆటోలు లెవ్వు.
రేకుల మందిరంల మేం ఐదుగురం,
ఒక ప్లాస్టిక్ చాప,
పన్నెండు నిమిషాలు ముందు నడిచే గోడ గడియారం.

రూతమ్మ సిస్టరు,
పెద్ద దవాఖానల ముప్పై ఏండ్లు
రాత్రి డ్యూటీ చేసిన మనిషి,
చెప్పేది జరంతనే:
"ఇయ్యాల ఏం అడగకుండ్రి.
ఊపిరి వస్తాంది, పోతాంది, చూడుండ్రి.
ఆయన పేరు పట్టుకోండ్రి.
పట్టుకోండ్రి గని, గుంజకుండ్రి."

గుంజకుంట నాకు ఏ పనీ రాదు.
ఇరవై రెండేండ్లుగా నా ప్రార్థనంటే పద్దుల పుస్తకం:
సంఘం అప్పు, పెద్దోడి పాలిటెక్నిక్ ఫీజు,
మోకాలి చిప్ప, ఇంటాయన సీసా,
పక్కింటి సువార్తమ్మ ముందు పరువు.
ఆదివారం ఆరాధనల మైకు కన్న గట్టిగ
నేనే మొత్తుకునేదాన్ని,
దేవునికి చెవుడు పట్టినట్టు.

కండ్లు మూసుకున్న.
లోపల ఎనుమాముల యార్డు గేటు తెరుచుకున్నది.
తేజ కుప్ప, చపాటా కుప్ప,
వేలం పాడేటోళ్లు, పెదవి విరిచేటోళ్లు,
కాంటా మీదికి బస్తా, కాంటా మీదికెల్లి బస్తా,
తరుగు పేరు మీద రెండు కిలోలు మింగేటోడు.
ఇంతమందిని ఎప్పుడు లోపలికి రానిచ్చిన్నో!
యేసయ్యా అని ఒక్కపాలి అంట,
అనంగనే ఎవరో ధర పలుకుతరు.

పద్దెనిమిది దినాలు గిట్లనే గడిచినయి.
"ఏం కాలే సిస్టరు" అన్న.
"కానీకి అదేమన్న సూదిమందా?" అన్నది.

పంతొమ్మిదో నాడు.
ముందటి రోజు కోల్డ్ స్టోరేజీ కాడ
చీకటి పడేదాంక తొడిమెలు తీసిన.
ఎన్నిసార్లు కడిగినా,
పిండి రుద్దినా, నూనె రాసినా
ఘాటు గోళ్ల సందులనే కాపురముంటది.
చాప మీద కూసున్న కాసేపటికి
మరిచిపోయి కన్ను నలుపుకున్న.

నిప్పు.
యార్డు లేదు, అప్పు లేదు,
ఒక్క కన్ను, కన్నంత లోకం.
లేద్దామనుకున్న. నీళ్లు బయట డ్రమ్ముల ఉన్నయి.
ఎందుకో లెవ్వలే.

యాదికొచ్చింది మా అమ్మ.
పేరు మల్లవ్వ, బాప్తిస్మమైనంక మరియవ్వ,
ఊరంతా మల్లవ్వనే పిలిచేది.
పర్వతగిరి చేన్ల కాయలు ఏరుతుంటే
నా కంట్లె కారం పడ్డది.
కొంగు కొస ఉండ చుట్టి
నోటికి ఆనిచ్చి వెచ్చగ ఊదింది,
కంటికి అద్దింది.
మళ్ల ఊదింది, మళ్ల అద్దింది.
ఎందుకు నలుపుకున్నవే అని కూడా అనలే.
ఊకో.
ఊకో బిడ్డా, ఊకో.

గాలినీ సముద్రాన్నీ ఆయన గద్దించిండని
పాస్టరు చెప్తే
ఇన్నేండ్లు పోలీసు లాఠీ లెక్క ఊహించుకున్న.
పడవల నిద్ర లేచిన మనిషి
గిట్లనే అన్నడేమో,
ఏడ్చే పిల్లను ఎత్తుకున్నట్టు
సముద్రాన్ని భుజాన వేసుకొని.

ఊపిరి లోపలికి వచ్చింది.
నాది కాదనిపించింది,
ఎవరో కొంగుల ఊదినంత వెచ్చగున్నది.
కన్ను మండుతనే ఉన్నది, మండనీ.
యార్డుల కాంటా ముల్లు
అటు ఊగి, ఇటు ఊగి
నడుమ నిలబడ్డది.
మీద ఏ బస్తా లేదు.

ఎంతసేపో తెల్వది.
గడియారం ఐదుంబావు అన్నది,
అంటే ఐదు దాటి మూడు నిమిషాలు.
అడగాల్సినవన్నీ చెప్పుల కాడ్నే ఉన్నయి,
పోయేటప్పుడు తొడుక్కున్న.

ఆటోల పదకొండు మందిమి.
కోల్డ్ స్టోరేజీ గేటు కాడ్నే తుమ్ములు షురువైనయి,
మేస్త్రి మొత్తుకుంటాండు.
పదింటికి, కొత్తగ చేరిన పిల్ల అనూష
కన్ను నలుపుకొని గొల్లున ఏడ్చింది.
నీళ్లకని ఎవరో ఉరికిన్రు.
నా కొంగంతా కారమే.
పిల్ల చున్నీ కొస అడిగి
ఉండ చుట్టిన.