ఉప్పు మీటరు

బర్కాల బాయి నీళ్లు
ఒక్క చుక్క నాలిక మీద ఏస్కుంటే చాలు,
సముద్రం ఎంత దగ్గరికొచ్చిందో చెప్త.
అర్బాబు నవ్వి మీటరు ముంచుతడు.
తొమ్మిది.
నేనన్నదీ తొమ్మిదే.

నిమ్మచెట్లు పోయినేడే ఎండినయ్.
పశువుల గడ్డి మడి ఎత్తేసినం,
దానిది తాగుడు కాదు, ఏనుగు దూప.
ఇప్పుడు ఖర్జూరం నీడల ఉప్పుకోర్చే జొన్న.
ఎండిన మట్టలు నరికి మొదట్ల పరిస్తే
నేల చెమట నేలల్నే ఉంటది.
నల్లపైపు ఎంబడి చుక్క,
ఆగి ఇంకో చుక్క.
సందు పూడితే షఫీకుల్ నోరువెట్టి ఊదుతడు,
ఉప్పు ఉమ్మి బెంగాలీల ఏదో తిడ్తడు.

మెట్‌పల్లిల ఏడు బోర్లేసినోణ్ని నేను.
ఏడోది దుబ్బ కక్కింది.
అంతకుముందు,
పసుపు మడికి మోటరిడిచి
కాలువ తెగినా లేవకుండ పండుకున్న రాత్రులుండె.
ఆ నిద్రకే ఇక్కడ కిస్తీలు కడుతున్న
చుక్కలు లెక్కవెట్టుకుంట.

నిన్న పొద్దుగూకంగ
కంకి పాలువట్టింది.
నాలుగు గింజలు నలిపి నోట్లేసుకున్న.
ఉప్పు నీళ్లు తాగి
ఇంత తీపి యాడ దాసిందో!
అర్బాబు మీటరు తుడుసుకుంటుండు.
నేనేం చెప్పలే.
దాంట్ల తీపికి అంకె లేదు.