ఈ పూట చిరునామా

దర్ఖాన్‌లో బయట మైనస్ ముప్ఫై ఒకటి.
లోపల, కొలతల గదిలో, ఇరవై మూడు.
అర డిగ్రీ అటూ ఇటూ అయితే నెర్గూయ్‌కి కోపం.

మీటరు నిన్న నలభై ఏడు.
రాత్రి కరెంటు పోయి వచ్చింది.
బీరువా మీది రౌటరు నిద్రలేచి
చేతికందిన అంకెలు పంచిపెట్టింది.
ఇవాళ అది నూట పన్నెండు.
నా ప్రోగ్రాము తెల్లవార్లూ నలభై ఏడు తలుపు కొట్టి
ఎవరూ పలక్క
ఆరు గంటల వోల్టుల్ని మంచులో పారబోసింది.

అంకెని కట్టేద్దాం కదలకుండా, అన్నాను.
కేబుల్ మూతికి విరిగిన క్లిప్పు బదులు
అగ్గిపుల్ల దోపుతూ నవ్వాడు నెర్గూయ్.
"మా మామ ఏడాదికి నాలుగుసార్లు గుడారం విప్పేవాడు.
గుర్రమెక్కి వచ్చినవాడెవడూ ఏ లోయ అని అడగలేదు.
జిగ్మిద్ ఎక్కడ, అనే అడిగాడు."

మెనూ అడుగున ఒక ఖాళీ గడి.
గుండ్రటి మీట తిప్పితే ఒక్కో అక్షరం,
స్వెటరు అల్లినంత సేపు.
నేను మీటర్-ఒకటి అన్నాను.
రెండోది వస్తే దీనికి దిగులు, అని
తనే తిప్పాడు. ఎన్. ఈ. ఆర్. జీ. యూ. ఐ.

ఆ మాటకి మా భాషలో అర్థం, పేరులేదు.
అతనికి ముందు ఇద్దరు పుట్టి పోయారు.
మూడోవాడి కోసం గుమ్మం దాకా వచ్చినది
లోపల ఎవరు అని అడిగితే
పేరులేదు, అంది తల్లి.
అబద్ధం కాదు. అది వెనక్కి పోయింది.
యాభై ఎనిమిదేళ్ళయింది.

ఇక్కడా అదే అడగడం.
నా కంప్యూటరు గదంతటికీ కేకేసింది:
పేరులేదు ఎవరు?
ప్రింటరు ఊరుకుంది. గోడ మీది థర్మామీటరు ఊరుకుంది.
మూల నుంచి మీటరు పలికింది,
నేనే, ఈ పూట నూట పన్నెండులో ఉన్నాను.
తెర మీది మాట నేను పైకి చదివితే
నెర్గూయ్ కూడా ఆఁ అన్నాడు, పరాకున.

ఈ పేరు గోడలు దాటదు.
వీధి అవతలి బేకరీకి తెలీదు, ఉలాన్‌బాతర్‌కి తెలీదు.
చివర ఒక చుక్క, తర్వాత లోకల్, అంతే దాని ఊరు.
చాలు, అన్నాడు. పిలిచేది ఈ నలుగురమే కదా.

మర్నాడు కావాలనే రౌటరు ఆపాడు. వేశాడు.
అంకె అరవై ఆరయింది.
నా ప్రోగ్రాముకి ఆ సంగతే తెలీదు.
పిలిచింది. వచ్చింది:
పది పాయింటు సున్నా సున్నా సున్నా సున్నా మూడు.

ఉప్పు టీ పోసుకుంటూ నెర్గూయ్
మూడు కాదు, నాలుగుండాలి, అన్నాడు.
వంగి మళ్ళీ అగ్గిపుల్ల కేసి చూశాడు.